మూడు నిమిషాల ప్లేటుకు ఒక సాయంత్రం: అపురూప రికార్డింగులతో హిందుస్తానీ విద్వాంసులను స్మరించుకునే పద్ధతి

హిందుస్తానీ సంగీతంలో కిరానా ఘరానాకు (గురుపరంపరకు) చెందిన ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ గొంతులో త్యాగరాజస్వామి కీర్తన విన్నారా? "రామ నీ సమానమెవరు", ఖరహరప్రియ. ఒకే గ్రామఫోన్ ప్లేటు, మూడు నిమిషాల పైచిలుకు. నేను మొదటిసారి ఒక స్నేహితుడి ఇంట్లో విన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. పక్కన మాటలు నడుస్తున్నాయి, ఎవరో కాఫీ గ్లాసులు అందిస్తున్నారు. పాట అయిపోయింది, "భలే ఉంది" అన్నాం, ఇంకోటి పెట్టారు. ఆ రాత్రి ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వింటే, సగం కూడా వినలేదని తెలిసింది. మహారాష్ట్రలోని మిరజ్‌లో స్థిరపడి, ఖయాల్, ఠుమ్రీ అనే హిందుస్తానీ గాన పద్ధతుల్లో తలపండిన మనిషి మన భాషలోని కీర్తనను నేర్చుకుని, మాట మాటనూ తన తీగలాంటి గొంతుతో లాగి పాడి, ఆ ప్లేటు మనకు వదిలి వెళ్లాడు. మేము దాని మీద గ్లాసుల చప్పుడు పోశాం. నాకు చాలా బాధేసింది.

అప్పటి నుంచి మేము పది పదిహేను మంది కలిసి, ఒక్కో సాయంత్రం ఒక్కో విద్వాంసుడి పేరు మీద పాత రికార్డింగులు వింటున్నాం. ఇలాంటి సభ పెట్టుకోవడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, సంగీతం నేర్చుకుని ఉండాల్సిన పనీ లేదు. కానీ ముందు చేసుకోవాల్సిన పని మాత్రం చాలా ఉంది. అదంతా వరుసగా చెబుతాను.

మొదటి అడుగు: ఒక్కరిని ఎంచుకోండి

"పాత మహానుభావులందరికీ నివాళి" అని ఒకే సభ పెట్టకండి. మా తొలి సభలో పద్దెనిమిది రికార్డింగులు పెట్టాం. తొమ్మిదోది వచ్చేసరికి ఎవరి గొంతు ఏదో ఎవరికీ గుర్తులేదు. ఒక్కరిని, మహా అయితే ఒక గురువునూ ఆయన శిష్యులనూ తీసుకోండి. వర్ధంతి, శతజయంతి లాంటి తేదీ ఏదైనా దగ్గర్లో ఉంటే దానికి జత చేయవచ్చు. లేకపోయినా నష్టం లేదు.

ఎవరితో మొదలుపెట్టాలంటే, తెలుగువాళ్లకు నేను అబ్దుల్ కరీం ఖాన్ పేరే చెబుతాను. 1872లో కైరానాలో పుట్టారు. 1937లో పాండిచ్చేరి వెళ్తూ, చెంగల్పట్టు దగ్గర సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్‌లో కన్నుమూశారు. సమాధి మిరజ్ దర్గాలో ఉంది. దక్షిణాదితో అంత బంధం ఉన్న హిందుస్తానీ గాయకుడు ఆ తరంలో ఇంకొకరు నాకు కనబడలేదు. పాటియాలా గాయకుడు బడే గులాం అలీ ఖాన్ కూడా మనకు దగ్గరివారే, 1968లో హైదరాబాద్‌లోనే పోయారు. ఆయన రికార్డింగులు దండిగా దొరుకుతాయి కాబట్టి కొత్తవాళ్లకు సులువు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ 1902లో కలకత్తాలో రికార్డింగులు మొదలుపెట్టినప్పుడు, ఉస్తాదుల్లో చాలామంది వెనకాడారు. ధైర్యంగా ముందుకొచ్చింది గౌహర్ జాన్ లాంటి తవాయఫ్‌లు, అంటే పాట, నాట్యం వృత్తిగా బతికిన కళాకారిణులు. ఆగ్రాకు చెందిన జోహ్రాబాయి 1913లోనే పోయారు. ఆ కాసిని ప్లేట్లలో ఆవిడ ఖయాల్ వింటే, ఇంత చిన్న జాగాలో ఇంత పెద్ద సంగీతం ఎలా పట్టిందా అనిపిస్తుంది. "బాయి", "జాన్" అని పేరు చివర ఉన్నవాళ్లను పక్కనపెట్టి చేసే స్మరణ నా దృష్టిలో సగం స్మరణే. ఏడాదిలో కనీసం ఒక సభ వాళ్ల పేరున పెట్టండి.

కొందరికి అసలు రికార్డింగులే లేవు. జైపూర్-అత్రౌలీ ఘరానాకు మూలపురుషుడు అల్లాదియా ఖాన్ 1946 దాకా బతికి ఉన్నా ఒక్క ప్లేటూ ఇవ్వలేదు. ఆయనను శిష్యుల గొంతుల్లోంచే వినాలి. కేసర్‌బాయి కేర్కర్ పాట పెట్టి, తరువాత అల్లాదియా కొడుకుల దగ్గర నేర్చుకున్న మల్లికార్జున్ మన్సూర్ పాట పెట్టండి. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్న మెలికలు, ఊపిరి తీయకుండా అల్లుకుపోయే తాన్‌లు (వేగంగా సాగే స్వరాల వరుసలు) విన్నప్పుడు, వినబడని గురువు కొంచెం వినబడతాడు.

రెండో అడుగు: రికార్డింగులు వెతకడం

ఇంటర్నెట్‌లో వెతకడం ఎలాగూ మీకు తెలుసు, దాని గురించి ఎక్కువ చెప్పను. అది కాక, ఢిల్లీలోని సంగీత నాటక అకాడమీ, గురుగ్రామ్‌లోని ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్, కోల్‌కతాలోని ఐటీసీ సంగీత్ రీసెర్చ్ అకాడమీ, ముంబైలోని ఎన్‌సీపీఏ (జాతీయ ప్రదర్శన కళల కేంద్రం) లాంటి చోట్ల భండారాలు ఉన్నాయి. ఏం ఉన్నాయి, ఎలా వినవచ్చు అని ముందే ఉత్తరం రాసి వెళ్లండి. చాలావరకు అక్కడే కూర్చుని వినాల్సి ఉంటుంది, కాపీ ఇవ్వరు. ఆకాశవాణి ఆర్కైవ్ నుంచి విడుదలైన ఆల్బమ్‌లు కొనుక్కోవచ్చు. మూడు నిమిషాల ప్లేట్లలో దొరకని విస్తారమైన ఆలాపన ఆ రేడియో రికార్డింగుల్లోనే దొరుకుతుంది.

అన్నిటికన్నా మంచి నిధులు మనుషుల ఇళ్లలో ఉన్నాయి. అటక మీద ప్లేట్ల పెట్టె, స్పూల్ టేపులు, చేతిరాతతో పేర్లు రాసిన క్యాసెట్లు. ఎవరి దగ్గరికైనా వెళ్లినప్పుడు, "కాపీ ఇస్తారా" అన్నది మొదటి మాట కాకూడదు. "మీరు పెడితే వింటాను" అనండి. సేకర్తలు ముందు చూసేది మనం ఎలా వింటామన్నదే. ఒక పెద్దాయన నాకు నాలుగు నెలల పాటు కేవలం వినిపించారు. ఐదో నెలలో ఆయనే క్యాసెట్ చేతిలో పెట్టి, "వచ్చే ఆదివారం తెచ్చెయ్ నాయనా" అన్నారు. ఇచ్చిన మాట ప్రకారం తిరిగివ్వడం, అడగకుండా నెట్‌లో పెట్టకపోవడం, ఎక్కడ వినిపించినా వాళ్ల పేరు చెప్పడం (వాళ్లు వద్దంటే తప్ప). ఈ మూడూ తప్పితే ఆ తలుపు మనకే కాదు, మన తరువాత వచ్చేవాళ్లకు కూడా మూసుకుపోతుంది.

మూడో అడుగు: ఇది నిజంగా వారిదేనా?

ఈ పనికి రెండు వారాలు పెట్టుకోండి. తొందరపడితే ఇంకొకరి పాటను మీ విద్వాంసుడికి అంటగడతాం.

అసలు ప్లేటు చేతిలో ఉంటే, లేబుల్ మీదున్న కంపెనీ పేరు, కేటలాగ్ నంబరు రాసుకోండి. తరువాత ప్లేటును దీపం కింద కాస్త వంచి పట్టుకోండి. గాడులు అయిపోయి లేబుల్ మొదలయ్యే నున్నటి చోట గీసినట్టు సన్నటి అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. అది మ్యాట్రిక్స్ నంబరు, ఆ రోజు చేసిన ఆ ఒక్క రికార్డింగుకు గుర్తు. అదే పాట వేరే లేబుళ్ల మీద మళ్లీ విడుదలైనా ఈ నంబరును బట్టి పట్టుకోవచ్చు. నంబర్ల వారీగా సేకర్తలు జాబితాలు తయారుచేసి పెట్టారు, వాటితో పోల్చండి.

తొలినాటి ప్లేట్ల చివర్లో గాయకులు తమ పేరు తామే చెప్పడం వింటారు. గౌహర్ జాన్ "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అనడం ప్రసిద్ధం. మొదట్లో ప్లేట్ల ముద్రణ జర్మనీలోని హానోవర్‌లో జరిగేది, అక్కడివాళ్లకు ఎవరి పాటో తెలియాలని అలా చెప్పించేవారు. నెట్‌లో కొందరు ఆ ముక్క కత్తిరించేసి పెడుతున్నారు. అది ఉన్న కాపీ కోసమే వెతకండి, సభలో తప్పకుండా వినిపించండి. నూట ఇరవై ఏళ్ల కిందటి మనిషి గదిలోకి వచ్చి పేరు చెప్పినట్టుంటుంది.

గొంతును బట్టి గుర్తుపట్టగలం అనుకోవద్దు. గంగూబాయి హంగల్ అంటే మనకు తెలిసింది ఆ గంభీరమైన, మగవారి గొంతులా వినిపించే స్వరం. కానీ 1930లలో ఆవిడ గాంధారి పేరుతో ఇచ్చిన ప్లేట్లలో గొంతు సన్నగా, పై స్థాయిలో ఉంటుంది. గొంతుకు చికిత్స జరిగాక స్వరం మారిపోయింది. లేబుల్ మీద రాగం పేరునూ పూర్తిగా నమ్మకండి. పీలూ, భైరవి, ఖమాజ్ లాంటి పేర్లు కంపెనీవాళ్లు ఉదారంగా వాడేశారు. అనుమానం ఉంటే సంగీతం తెలిసినవారిని అడిగి, తేలకపోతే రాగం పేరు చెప్పకుండా వినిపించడమే మర్యాద.

ఇక వేగం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం. 78 అని పిలుస్తాం కానీ, తొలిరోజుల ప్లేట్లు నిమిషానికి సరిగ్గా 78 చుట్లతో రికార్డు కాలేదు, అటూ ఇటూ ఉన్నాయి. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి జరిగిపోతుంది. గొంతు పలచబడుతుంది, తాన్‌లు బొమ్మ తిరిగినట్టు పరుగెత్తుతాయి. ఒకసారి నేను పెట్టిన రికార్డింగు విని, సితార్ వాయించే ఒక పెద్దావిడ కళ్లు మూసుకునే, "అబ్బాయ్, ఈయన అంత కంగారు మనిషి కాదు" అన్నారు. చూస్తే వేగం ఎక్కువైంది. తగ్గించి మళ్లీ పెడితే, అదే ప్లేటులో ఇంకో మనిషి కూర్చుని నింపాదిగా పాడుతున్నాడు.

వేగం సరిచూడటానికి ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ చాలు. పాటలో షడ్జమం ఎక్కడ పడుతోందో చూసుకోండి. అదే గాయకుడి అదే కాలపు వేరే ప్లేట్లలో ఎక్కడ ఉందో చూడండి. హార్మోనియం ఉంటే, దాని మెట్లు అప్పటి శ్రుతి దగ్గరికి వస్తున్నాయో లేదో చూడండి. చివరగా చెవి చెప్పిన మాట వినండి, మాటల ఉచ్చారణ మామూలు మనిషి మాట్లాడినట్టుందా అని. వేగం మార్చేటప్పుడు శ్రుతి, లయ రెండూ కలిసి మారే పద్ధతి వాడాలి. శ్రుతి ఒక్కటే మార్చే సౌకర్యం దీనికి పనికిరాదు.

నాలుగో అడుగు: ప్లేటును, క్యాసెట్‌ను డిజిటల్ చేయడం

డిజిటల్ ఫైలే దొరికితే ఈ భాగం వదిలేయండి.

78 ప్లేటును ప్రధానంగా లక్కతో చేసేవారు. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. కాబట్టి శుభ్రం చేయడానికి స్పిరిట్‌గానీ, స్పిరిట్ కలిసిన ద్రావకాలుగానీ ముట్టుకోకండి. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తుడవండి. లేబుల్ తడవకూడదు. తరువాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడిచి, నిలబెట్టి ఆరనివ్వండి. ప్లేట్లను ఎప్పుడూ నిలువుగానే దాచాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకు వంగిపోతాయి, పగులుతాయి.

బూరా గ్రామఫోన్ మీద అరుదైన ప్లేటు పెట్టాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. దయచేసి వద్దు. దాని చేయి బరువుకు, ఉక్కు సూదికి గాడి ప్రతిసారీ కొంత అరుగుతుంది. ఎలక్ట్రిక్ టర్న్‌టేబుల్ తీసుకుని, 78 ప్లేట్లకు సరిపోయే వెడల్పాటి స్టైలస్ (సూది) పెట్టండి. ఎల్‌పీ (తరువాత వచ్చిన, ఎక్కువసేపు నడిచే రికార్డు) స్టైలస్ సన్నగా ఉండి గాడి అడుగున రాసుకుంటుంది, అక్కడంతా దుమ్మే కాబట్టి గరగర పెరుగుతుంది. 78 స్టైలస్ కొన దాదాపు 3 మిల్, అంటే సుమారు 75 మైక్రాన్లు.

24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఆ మొదటి ఫైలును ఇక ముట్టుకోవద్దు. కాపీ చేసుకుని, ఆ కాపీ మీదే సరిదిద్దండి. టపటపలు కొన్ని తీయవచ్చు. కానీ గరగర మొత్తం తుడిచేయాలని చూడకండి. గరగరతో పాటు గొంతులోని గాలి, తంబురా జీర, సారంగి కమాను ఒరిపిడి కూడా పోతాయి, మిగిలేది నీళ్లలోంచి పాడినట్టుంటుంది. రెండు నిమిషాలు వింటే చెవి గరగరను దానంతట అదే పక్కకు పెట్టేస్తుంది.

క్యాసెట్లు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే, ముందు చివరిదాకా ఒకసారి తిప్పి, వెనక్కి తిప్పండి. రికార్డింగ్ మీట పొరపాటున నొక్కినా చెరిగిపోకుండా, క్యాసెట్ పైనున్న చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. నేను ఒక క్యాసెట్‌ను డిజిటల్ చేయమని ఒక షాపుకు ఇస్తే, ఒక వైపంతా చెరిపి ఇచ్చారు. ఆ రెండు సెకన్ల పని నేను చేసి ఉంటే అందులోని ముల్తానీ రాగం ఇవాళ ఉండేది.

ఐదో అడుగు: హక్కులు, అంతకన్నా ముఖ్యంగా అనుమతి

మన దేశ చట్టం ప్రకారం రికార్డింగు మీద కాపీరైట్, అది విడుదలైన సంవత్సరం తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. 1934లో వచ్చిన ప్లేటు మీద ఆ హక్కు ఎప్పుడో తీరిపోయింది. ప్రదర్శకుల హక్కు వేరే ఉంది, అది 50 ఏళ్లు. ఇంట్లో నలుగురికి వినిపించడం ఒకటి, టికెట్ పెట్టి వినిపించడం లేదా నెట్‌లో పెట్టడం ఇంకొకటి. రెండోది చేయాలనుకుంటే, కొత్త రికార్డింగుల విషయంలో కంపెనీనీ, ప్రైవేటు కచేరీల విషయంలో కుటుంబాన్నీ అడగండి.

చట్టం ఒప్పుకున్నా మనసు ఒప్పుకోని సందర్భాలు కూడా ఉంటాయి. సుర్‌బహార్ (సితార్ లాంటి పెద్ద వాద్యం) విదుషి అన్నపూర్ణాదేవి బహిరంగ కచేరీలు మానేసి, తన వాద్యాన్ని లోకానికి దూరంగా ఉంచుకున్నారు. ఆవిడవి కొన్ని ప్రైవేటు రికార్డింగులు చేతులు మారుతున్నాయి. నేను వాటిని సభలో పెట్టను. స్మరించుకుంటున్నది ఆవిడనే అయినప్పుడు ఆవిడ ఇష్టాన్ని కాదనలేను.

ఆరో అడుగు: వరుస పేర్చడం

గంటన్నర సభకు ఆరు, ఏడు ప్లేట్లు చాలు. ఒక్కొక్కటీ రెండుసార్లు వినిపిస్తాం కాబట్టి, మధ్యలో మాటలతో కలిపి సమయం సరిపోతుంది.

రాగాల వేళ పాటించండి. సాయంత్రం సభ అయితే మార్వా, యమన్‌లతో మొదలుపెట్టి, రాత్రి రాగాలైన బాగేశ్రీ, మాల్కౌంస్, దర్బారీల వైపు నడవండి. ఉదయం సభ పెట్టగలిగితే తోడీ, జౌన్‌పురీ వినిపించే భాగ్యం కలుగుతుంది. కర్ణాటక సంగీతం అలవాటున్నవాళ్లకు ఒక్క మాట సాయం చేయండి. యమన్ మన కల్యాణికి దగ్గర, మాల్కౌంస్ అంటే హిందోళం, హిందుస్తానీ తోడీ మాత్రం మన తోడి కాదు, శుభపంతువరాళికి దగ్గర. ఈ చివరిది చెప్పకపోతే సగంమంది అయోమయంలో పడతారు.

అబ్దుల్ కరీం ఖాన్ సాయంత్రానికి మేము పేర్చిన వరుస ఇది. ముందు బసంత్, తరువాత ఝింఝోటీలో "పియా బిన్", ఆపైన మన ఖరహరప్రియ. అక్కడ కాసేపు ఆగి, ఆయన కుమార్తె హీరాబాయి బడోదేకర్ పాట ఒకటి, శిష్యుడు సవాయి గంధర్వ పాట ఒకటి. ఆ గంధర్వ శిష్యురాలు గంగూబాయి పాత ప్లేటు ఒకటి. చివరికి మళ్లీ ఖాన్ సాహెబ్ దగ్గరికే వచ్చి, భైరవిలో "జమునా కే తీర్". కచేరీని భైరవితో ముగించడం వాళ్ల సంప్రదాయం, మనమూ అదే పాటించాలి.

పొడవైన రికార్డింగు ఉంటే దాన్ని ఒంటరిగా పెట్టండి. ఉస్తాద్ అమీర్ ఖాన్ పాడిన మార్వా ఎల్‌పీ ముందూ వెనకా ఏదీ పెట్టకూడదు. 78 ప్లేట్లలో మూడు నిమిషాల్లో అంతా చెప్పేయాలి కాబట్టి గాయకులు మధ్యలయలో బందిష్ (పాట) అందుకుని, నాలుగు మెరుపులు మెరిపించి ముగించేవారు. ఎల్‌పీ వచ్చాక ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు దొరికింది, విలంబిత్ (నిదానపు నడక) తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఈ తేడా చెబితే, ప్లేట్లలో ఆ హడావిడి ఎందుకో శ్రోతలకు అర్థమవుతుంది.

ఏడో అడుగు: ఒక కాగితం

ఒకే ఒక కాగితం, రెండు వైపులా. పాట సాహిత్యం తెలుగు లిపిలో, కింద అర్థం. రాగం, తాళం. రికార్డు అయిన కాలం. తబలా, సారంగి, హార్మోనియం ఎవరు. చాలా లేబుళ్ల మీద పక్కవాద్యం వాళ్ల పేర్లు వేయలేదు. ఆ సారంగి లేకపోతే ఆ గొంతు సగమే అయినా, వాయించిన మనిషి పేరు ఎక్కడా లేదు. వెతకండి. దొరక్కపోతే "సారంగి:" అని రాసి చుక్కలు పెట్టి, ఆ చోటు ఖాళీగా ఉంచండి.

ఎనిమిదో అడుగు: ఆ సాయంత్రం

పాత ప్లేట్లన్నీ మోనో, అంటే ఒకే ధ్వని మార్గం. ఒక్క మంచి స్పీకర్‌ను చెవి ఎత్తులో, మనిషి కూర్చుని పాడే చోట పెట్టండి. అందరూ దానికి ఎదురుగా కూర్చోవాలి. శబ్దం పెద్దగా పెట్టకండి, గదిలో మనిషి పాడితే ఎంత వినిపిస్తుందో అంతే. ఫ్యాన్ ఆపడం కుదిరితే పాట నడిచే ఆ మూడు నిమిషాలూ ఆపేయండి. ఫోన్లు బయటి గదిలో, కాఫీలు సభ అయ్యాక.

మొదటిసారి ఏమీ చెప్పకుండా వినిపించండి. ఎవరు, ఏ రాగం, ఏ సంవత్సరం, ఏదీ వద్దు. ఆ తరువాత మూడు నాలుగు నిమిషాలు మాట్లాడండి, కాగితం చూపించండి. హిందుస్తానీ విద్వాంసులు తమ గురువు పేరు ఎత్తినప్పుడు చేత్తో చెవి తాకుతారు, వారి పేరు ఎత్తే అర్హత నాకు ఉందో లేదో, క్షమించమన్నట్టు. మా సభలో పేరు చెప్పేవాళ్లు అలాగే చేస్తారు. మొదట్లో కొత్తగా అనిపించింది, ఇప్పుడు అది లేకుండా పేరు నోట రావడం లేదు.

తరువాత రెండోసారి. ఈసారి ఒక్క విషయం పట్టుకోమని చెప్పండి. ఖరహరప్రియ ప్లేటుకు నేను చెప్పేది, "రామ" అన్న మాట ప్రతిసారీ ఎలా వస్తుందో వినండి అని. పదే పదే అదే మాట, ప్రతిసారీ కొత్త చోటి నుంచి ఎత్తుకుంటారు. త్యాగరాజ కీర్తన చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగిన ఒక అమ్మాయి, రెండోసారి అయిపోయాక చాలాసేపు తల ఎత్తలేదు. తరువాత మెల్లగా, "మా అమ్మమ్మ పాడేది ఇదేనా?" అంది.

తొమ్మిదో అడుగు: సభ అయ్యాక

అందరూ వెళ్లాక అరగంట కూర్చుని ఒక నోటు పుస్తకంలో ఇవి రాయండి: తేదీ, వినిపించిన ప్లేట్లు, మ్యాట్రిక్స్ నంబర్లు, వేగం ఎంత మార్చారు, రికార్డింగు ఎవరిచ్చారు, వచ్చినవాళ్లు ఏం పట్టుకున్నారు. ఫైళ్లు కనీసం మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంటే మేలు. ఫైలు పేరులోనే గాయకుడు, రాగం, లేబుల్, నంబరు రాయండి. "ట్రాక్ 07" అని ఉన్న ఫైలును పదేళ్ల తరువాత మీ పిల్లలు చెరిపేస్తారు.

కాగితంలో ఖాళీగా వదిలిన సారంగి పేరు ఉంది కదా, దాన్ని నోటు పుస్తకంలోకి ఎక్కించండి. వచ్చే సభలకు వచ్చేవాళ్లలో ఎవరికైనా తెలియవచ్చు. మా పుస్తకంలో అలాంటి ఖాళీలు పదకొండు ఉండేవి. పోయిన నెల ఒకటి నిండింది.